మిద్దె మీద ఒక తీగ చాలు: ఇంట్లోనే ఉండి హామ్ రేడియో మొదలుపెట్టడం ఎలా

మీరు తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంటిపట్టున ఉంటున్నారనుకుందాం. రిటైరై ఉండొచ్చు. చిన్నపిల్లల్నో పెద్దవాళ్లనో చూసుకుంటూ గడప దాటలేని పరిస్థితి కావచ్చు. ఇంటర్ పరీక్షలు అయిపోయి ఏం చేయాలో తోచని కుర్రాడైనా కావచ్చు. సొంత మిద్దె గానీ, ఇల్లుగలవాళ్లు ఎక్కనిచ్చే మిద్దె గానీ ఉంటే అమెచ్యూర్ రేడియోకి, అంటే మనం హామ్ రేడియో అనే దానికి, అతి ముఖ్యమైన వస్తువు మీ దగ్గర ఉన్నట్టే. మిగతావి మెల్లగా సమకూరతాయి.

ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, తమకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల్లో, డబ్బు ప్రసక్తి లేకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లే హామ్‌లు. ఇందులో టవర్ లేదు, ఇంటర్నెట్ లేదు, నెలనెలా రీచార్జి లేదు. మీ తీగ మీంచి బయల్దేరిన తరంగం పైనున్న అయనోస్ఫియర్‌లో, అంటే ఆకాశంలో విద్యుదావేశమున్న గాలి పొరలో వంగి, కిందికి దిగి, ఎక్కడో ఇంకొకరి తీగను తాకుతుంది.

మొదలుపెట్టేవాళ్లు చాలామంది ముందు సెట్టు, అంటే మాట్లాడటానికీ వినడానికీ వాడే రేడియో, ధర అడుగుతారు. సెట్టు చివర్లో కొనాల్సింది. ముందు చెవి, తర్వాత తీగ, ఆ తర్వాత లైసెన్సు, ఆఖర్న సెట్టు. ఈ వరసలో పోతే డబ్బూ మిగులుతుంది, ఉత్సాహమూ చల్లారదు.

ముందు వినండి

ఈ రోజే, పైసా ఖర్చు లేకుండా, చేతిలోని ఫోన్‌తోనే మొదలుపెట్టొచ్చు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో ఉన్న రిసీవర్‌ని ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా తిప్పుకోవచ్చు. గూగుల్‌లో వెబ్‌ఎస్‌డీఆర్ ట్వెంటే అని కొడితే దొరుకుతుంది. కివీఎస్‌డీఆర్ అనే రిసీవర్లు కూడా ప్రపంచమంతా ఉన్నాయి. మ్యాపులో మనకు దగ్గర్లో ఉన్నది చూసి ఎంచుకోండి.

పేజీ తెరవగానే తెర మీద నీలం, పసుపు రంగుల్లో గీతలు కిందికి జారుతూ కనిపిస్తాయి. ఒక్కో గీత ఒక్కో సంకేతం. సాయంత్రం పూట 14.150 నుంచి 14.300 మెగాహెర్ట్జ్ మధ్యకు వెళ్లి, మోడ్ దగ్గర యూఎస్‌బీ నొక్కండి. ఇక్కడ యూఎస్‌బీ అంటే అప్పర్ సైడ్ బ్యాండ్. పెన్ డ్రైవ్‌కి దీనికీ సంబంధం లేదు. 7 మెగాహెర్ట్జ్ దగ్గరైతే ఎల్‌ఎస్‌బీ, అంటే లోయర్ సైడ్ బ్యాండ్. మొదట బాతులు అరిచినట్టు ఏదో వినిపిస్తుంది. ఫ్రీక్వెన్సీని కొంచెం కొంచెంగా జరుపుతూ పోతే ఒకచోట ఆ అరుపు మనిషి గొంతుగా మారుతుంది. ఆ చోటు పట్టుకోవడం చెవికి అలవాటు కావాలి. రెండు మూడు సాయంత్రాలు కూర్చుంటే వచ్చేస్తుంది.

పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. వినిపించిన ప్రతి కాల్‌సైన్, అంటే ఒక్కో హామ్‌కి లైసెన్సుతో వచ్చే పేరు, రాయండి. కాల్‌సైన్ మొదటి అక్షరాలే దేశం చెప్పేస్తాయి. వీయూ అంటే మనం, 4ఎస్ శ్రీలంక, 9వీ సింగపూర్, జేఏ జపాన్, వీకే ఆస్ట్రేలియా, ఏ6 అరబ్ ఎమిరేట్స్. మన దేశంలో వీయూ తర్వాత 2 ఉంటే జనరల్ గ్రేడు, 3 ఉంటే రెస్ట్రిక్టెడ్ గ్రేడు, ఇవి లైసెన్సులో రకాలు. రాజీవ్ గాంధీ కూడా హామే, ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. అక్షరాలు తప్పుగా వినిపించకుండా ఒక్కోదానికి ఒక్కో మాట వాడతారు. ఏ అంటే ఆల్ఫా, బీ అంటే బ్రావో, వీ అంటే విక్టర్, యూ అంటే యూనిఫాం. మొత్తం 26 మాటలు. కూరగాయలు తరుగుతూనో, వాకిట్లో నడుస్తూనో ఎదురుగా వెళ్లే బండ్ల నంబరు ప్లేట్లను ఆ మాటల్లో చదవండి. వారంలో నోటికి వచ్చేస్తాయి.

నెల రోజులు ఇలా వింటే ఎవరు ఎప్పుడు మాట్లాడతారు, ఎదుటివాళ్లకు ఎప్పుడు సందు ఇస్తారు, ఎలా ముగిస్తారు అన్నది పుస్తకం చదవకుండానే తెలిసిపోతుంది. ఈ మెట్టు ఎక్కకుండా వదిలేసినవాళ్లు లైసెన్సు వచ్చాక మైకు ముందు బిగుసుకుపోతారు.

ఇంట్లో రొద ఎక్కడిదో పట్టుకోండి

తర్వాత మీ ఇంటి రిసీవర్. రెండు దార్లున్నాయి. ఒకటి, ఎస్‌ఎస్‌బీ (పైన చెప్పిన యూఎస్‌బీ, ఎల్‌ఎస్‌బీలకి కలిపి పేరు) ఉన్న షార్ట్‌వేవ్ పోర్టబుల్ రేడియో. కొనేముందు ఎస్‌ఎస్‌బీ ఉందో లేదో తప్పకుండా అడగండి. అది లేకపోతే హామ్‌ల మాటలు బాతు అరుపుగానే మిగిలిపోతాయి. రెండోది, కంప్యూటర్‌కి గానీ ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కి గానీ గుచ్చుకునే ఆర్‌టీఎల్‌-ఎస్‌డీఆర్ డాంగిల్. షార్ట్‌వేవ్ కూడా పట్టే రకమే తీసుకోండి. మామూలు డాంగిల్ 24 మెగాహెర్ట్జ్ నుంచే మొదలవుతుంది, 7, 14 మెగాహెర్ట్జ్‌లు దానికి అందవు.

రేడియో ఆన్ చేయగానే చాలామందికి దిగులు పుడుతుంది. బుస్సుమనే రొద తప్ప ఏమీ ఉండదు. అందులో దోషం రేడియోది కాదు. మన ఇళ్లలో ఇప్పుడు ప్రతి మూలా స్విచింగ్ కరెంటు సామానే. ఫోన్ చార్జర్లు, ఎల్ఈడీ బల్బులు, బ్రాడ్‌బ్యాండ్ డబ్బా, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, ఇన్వర్టరు. ఒక్కోటీ తన వంతు రొద గాల్లోకి వదులుతుంది. ఈ రొద తగ్గిస్తే మామూలు రేడియో కూడా ఖరీదైన సెట్టులా వినిపిస్తుంది. అందుకే ఒక పూట దీనికే కేటాయించండి.

రేడియోని బ్యాటరీల మీద పెట్టండి, చార్జరు తగిలించవద్దు. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఎవరూ మాట్లాడని చోట ఉంచి, రొద ఎంతుందో చెవికి గుర్తు పెట్టుకోండి. ఇంట్లోవాళ్లకి చెప్పి మెయిన్ ఆపండి. ఇక్కడే అందరూ ఒక సంగతి మరిచిపోతారు. మెయిన్ ఆపగానే ఇన్వర్టరు తనంతట తాను అందుకుంటుంది, దాని రొద అసలు రొదకంటే ఎక్కువ. కాబట్టి ఇన్వర్టర్ని కూడా దాని స్విచ్చి దగ్గరే ఆపండి. ఇప్పుడు రొద పడిపోయిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ రండి. ఏది వేస్తే రొద తిరిగొస్తుందో ఆ గదిలోకి వెళ్లి, ప్లగ్గులు ఒక్కొక్కటీ తీసి చూడండి. మా ఇంట్లో మెట్ల దగ్గర పగలూ రాత్రీ వెలిగే చిన్న ఎల్ఈడీ బల్బే సగం రొదకి కారణం. అది మార్చగానే బెంగళూరు గొంతులు తేటగా వినిపించాయి.

తీసేయలేనివి ఉంటాయి. బ్రాడ్‌బ్యాండ్ డబ్బా ఆపితే పిల్లలు ఊరుకోరు. దాని అడాప్టరు తీగని ఫెరైట్ రింగులో నాలుగైదు చుట్లు తిప్పండి. పాత మానిటర్ కేబుళ్లకి చివర్న లావుగా గొట్టంలా ఉంటుందే, అది ఫెరైటే. పాత సామాన్ల కొట్టులో అడిగితే అలాంటి కేబుళ్లు దొరుకుతాయి. మెయిన్, ఇన్వర్టరు రెండూ ఆపినా రొద తగ్గలేదంటే అది పక్కింటిదో వీధి దీపానిదో. దానికి మందు తీగని వీలైనంత దూరంగా, ఎత్తుగా కట్టడమే.

తీగ కట్టడం

హామ్ రేడియోలో పెట్టిన ప్రతి రూపాయికీ పూర్తి ఫలితం ఇచ్చేది యాంటెన్నా. అందులోనూ తీగ యాంటెన్నా. సెట్టు ఎంత గొప్పదైనా తీగ సరిగ్గా లేకపోతే ఉపయోగం లేదు.

అన్నిటికంటే సులువైనది డైపోల్. నడిమధ్యలో కేబుల్ తగిలించి, చెరో వైపు సమానంగా సాగదీసిన రెండు తీగ ముక్కలు. మొత్తం పొడవు మీటర్లలో కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 7.1కి 20.1 మీటర్లు వస్తుంది, అంటే ఒక్కో పక్క పది మీటర్లకు కాస్త పైన. 14.2కి మొత్తం పది మీటర్లు, ఒక్కో పక్క ఐదు. ముందు పది అంగుళాలు ఎక్కువే కోసుకోండి. కోసింది అతకడం కంటే ఎక్కువైంది మడవడం తేలిక.

ఇక్కడ మన ఇళ్ల లెక్క చూద్దాం. 30 బై 40 సైటులో మిద్దె మూల నుంచి మూలకి 50 అడుగులు, అంటే 15 మీటర్లు. మన తీగ 20 మీటర్లు. మిగిలిన ఐదు మీటర్లనీ రెండు కొసల దగ్గర రెండున్నర చొప్పున పిట్టగోడ వెంబడి పక్కకి వంచేయండి. వంచినంత మాత్రాన పెద్ద నష్టమేమీ ఉండదు. మధ్యలో ఒక జీఐ పైపో, పాత డిష్ గొట్టమో నిలబెట్టి నడిమి భాగాన్ని ఎత్తులో కట్టి, తీగ రెండు పక్కల్నీ కిందికి వాలిస్తే దాన్ని ఇన్‌వర్టెడ్ వీ అంటారు. ఒక్క గొట్టంతో పని అయిపోతుంది. అద్దె ఇంటికి ఇదే మేలు, ఖాళీ చేసేటప్పుడు పది నిమిషాల్లో విప్పేయొచ్చు.

కేబుల్ కోసం దూరం పోనక్కర్లేదు. డిష్‌కి వాడే ఆర్‌జీ6 కేబుల్ 75 ఓమ్‌లది. డైపోల్ సహజంగా ఇచ్చేది కూడా 73 ఓమ్‌ల చుట్టుపక్కలే. వినడానికి అది హాయిగా సరిపోతుంది. కేబుల్ తీగకి తగిలే చోట ఎనిమిది పది చుట్లు జానెడు వెడల్పున చుట్టి టేపు వేయండి. ఇంట్లోని రొద కేబుల్ పైపొర వెంట పైకి పాకి తీగని చేరకుండా ఆ చుట్లు అడ్డుకుంటాయి. అతుకు లోపలికి నీళ్లు దిగకుండా మూసేయండి.

మన ఊళ్లకే ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. కొండ కింద ఉండేవాళ్లకి, కపిలతీర్థం, అలిపిరి వైపు ఇళ్లకి, కోతుల సంగతి చెప్పనక్కర్లేదు. బిగదీసి కట్టిన తీగ పట్టుకుని ఊగితే తెగుతుంది. కొసల్ని గట్టి నైలాన్ తాడుతో కట్టి, ఒక కొసన తాడుని చిన్న కప్పీ మీంచి వేసి ఇటుక వేలాడదీయండి. లాగినప్పుడు ఇటుక పైకి లేస్తుంది, వదిలేస్తే తీగ మళ్లీ బిగుస్తుంది. ఇటుక కింద మనుషులు తిరగని చోటు చూసుకోండి. ఇక ఏప్రిల్, మే ఎండలకి పల్చటి ప్లాస్టిక్ తొడుగు పెళుసెక్కి ఊడిపోతుంది. ఇంటి వైరింగుకి వాడే మందపాటి తొడుగున్న రాగి తీగే తీసుకోండి.

రెండు విషయాల్లో మాత్రం రాజీ పడకండి. వీధిలో కరెంటు తీగల మీదుగా గానీ కింద గానీ యాంటెన్నా పోకూడదు. తెగి పడినా వాటిని తాకనంత దూరంలో ఉండాలి. కట్టేటప్పుడు గొట్టం చేజారితే ఎటు పడుతుందో ముందే చూసుకోండి. రెండోది పిడుగులు. వేసవి గాలివానలప్పుడూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వేళా, ఉరుము వినిపించకముందే కేబుల్ని రేడియో నుంచి తీసి ఇంటి బయట పడేయాలి. రాత్రి పడుకునేటప్పుడు తీసేయడం అలవాటు చేసుకుంటే ఆ చింతే ఉండదు.

"ఏంది సార్ అది, డిష్ మాదిరి లేదే?" అని పక్కింటివాళ్లు అడుగుతారు. దాచకండి. ఇంట్లోకి పిలిచి, కుర్చీ వేసి, శ్రీలంకనో సింగపూరునో వినిపించండి. తీగ గురించి ఇక వాళ్లే వీధిలో అందరికీ చెబుతారు.

ఎప్పుడు ఏం వినిపిస్తుంది

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది కదా. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 32 వరసల్లో 32 చొప్పున 1024 యాగీ యాంటెన్నాలు నేల మీద పరిచి, ఆకాశం వైపు సంకేతాలు పంపి, తిరిగొచ్చేదాన్ని బట్టి పైనున్న గాలుల్నీ అయనోస్ఫియర్‌లోని అలజడినీ చదువుతారు. హామ్‌ల 6 మీటర్ల బ్యాండు 50 నుంచి 54 మెగాహెర్ట్జ్ కాబట్టి, మనం ఇంట్లో ఆడుకునే తరంగాలకి ఆ రాడార్ తరంగాలు దగ్గరి చుట్టాలు. ఆ పరిశోధనకి ఈ ప్రాంతం బాగా పనికొస్తుంది, ఎందుకంటే భూమి అయస్కాంత మధ్యరేఖకి మనం దగ్గర్లో ఉన్నాం. సూర్యాస్తమయం తర్వాత ఇక్కడి అయనోస్ఫియర్ పై పొర ఒక్కోసారి బుడగలు బుడగలుగా చెదురుతుంది. ఆ వేళల్లో దూరపు గొంతులు వణికినట్టు, ఊగినట్టు వినిపిస్తాయి. రేడియో పాడైందని కంగారు పడకండి, అది మన ఆకాశం తీరు.

మన ఇంటి నుంచి స్థూలంగా ఇలా ఉంటుంది. 40 మీటర్ల బ్యాండు, అంటే 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్, తెల్లవారింది మొదలు తొమ్మిదిన్నర దాకా దక్షిణాది హామ్‌లతో కళకళలాడుతుంది. చెన్నై, బెంగళూరు, హైదరాబాదు గొంతులు అప్పుడే పట్టుకోవాలి, తెలుగు కూడా వినిపిస్తుంది. నడి మధ్యాహ్నం ఎండకి కింది పొర ఆ సంకేతాల్ని మింగేస్తుంది. చీకటి పడ్డాక అదే బ్యాండు దూరదేశాలకి తెరుచుకుంటుంది. 20 మీటర్ల బ్యాండు, అంటే 14 మెగాహెర్ట్జ్ దగ్గరిది, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఐరోపా వైపు బాగుంటుంది. 28 మెగాహెర్ట్జ్ దగ్గరి 10 మీటర్ల బ్యాండు సూర్యుడి మీద మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో పగటిపూట అద్భుతంగా ఉంటుంది. ఇప్పటి సూర్యచక్రం గరిష్ఠ దశకి చేరిందని 2024 అక్టోబరులో ప్రకటించారు. ఇక మెల్లగా తగ్గుముఖమే కాబట్టి ఆ బ్యాండుని వాయిదా వేయకుండా వినండి.

నెత్తి మీంచి పోయే అంతరిక్ష కేంద్రం

పిల్లలున్న ఇంట్లో ఇది మొదట చేయండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటుంది. అందులోని హామ్ స్టేషన్ 145.800 మెగాహెర్ట్జ్ మీద కిందికి పంపుతుంది. ఆర్‌టీఎల్ డాంగిలూ, చిన్న యాంటెన్నా చాలు. 49 సెంటీమీటర్ల రాగి కడ్డీ ఒకటి నిలువుగా, 51 సెంటీమీటర్లవి నాలుగు కింద ఏటవాలుగా, ఎస్ఓ239 కనెక్టరుకి సోల్డరింగ్ చేసి గొట్టానికి బిగిస్తే యాంటెన్నా తయారు.

కేంద్రం ఎప్పుడు మన మీదుగా వెళ్తుందో ఫోన్ యాప్‌లు చెబుతాయి. ఒక్కో పాసు మహా అయితే పది నిమిషాలు. మన వైపు దూసుకొస్తున్నప్పుడు సంకేతం మూడు కిలోహెర్ట్జ్‌ల పైన, దాటిపోతున్నప్పుడు అంతే కింద వినిపిస్తుంది. 145.803 దగ్గర మొదలుపెట్టి 145.797 దాకా జరుపుతూ రావాలి. కొండ కింద ఉండే తిరుపతి వాళ్లకి ఉత్తరం వైపు శేషాచలం అడ్డం. అటు తక్కువ ఎత్తున పోయే పాసులు వదిలేసి, దక్షిణం మీదుగానో నడినెత్తి మీదుగానో పోయేవి ఎంచుకోండి. చిత్తూరు వాళ్లకి ఈ బాధ తక్కువ. అప్పుడప్పుడు అక్కణ్ణుంచి బొమ్మలు కూడా పంపుతారు. ఫలానా రోజుల్లో, ఫలానా సమయంలో అని ముందే ప్రకటిస్తారు. రేడియో స్పీకరు దగ్గర ఫోన్ పెట్టి రోబో36 అనే యాప్ తెరిస్తే, కూత లాంటి ఆ శబ్దం గీత గీతగా బొమ్మగా మారుతుంది. ఒక్కో బొమ్మకి రెండు నిమిషాల పైన పడుతుంది. యాప్‌లో పీడీ120 మోడ్ ఎంచుకోండి.

మనకి తూర్పున ఉన్న శ్రీహరికోట నుంచి 2005 మే 5న పీఎస్ఎల్‌వీ-సీ6 కార్టోశాట్-1తో పాటు హామ్‌ల కోసమే చేసిన హామ్‌శాట్‌ని కూడా తీసుకెళ్లింది. 42.5 కిలోల చిన్న ఉపగ్రహం. 2014 జులై దాకా ప్రపంచంలోని హామ్‌లు దాని మీదుగా మాట్లాడుకున్నారు. మన మిద్దెల మీంచి రాకెట్లు ఎగరడం చూసే పిల్లలకి ఈ సంగతి తప్పక చెప్పండి.

లైసెన్సు

వినడం అలవాటయ్యాక, మాట్లాడాలన్న కోరిక దానంతటదే వస్తుంది. అప్పుడు పరీక్షకి కూర్చోండి. పేరు అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్స్ సర్టిఫికెట్, పొట్టిగా ఏఎస్ఓసీ. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం చూస్తుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో ఇంట్లోంచే పెట్టుకోవచ్చు. 12 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు.

రెండు గ్రేడులు. రెస్ట్రిక్టెడ్‌కి రాతపరీక్ష ఒక్కటే, 50 వాట్ల దాకా వాడుకోవచ్చు. జనరల్‌కి రాతపరీక్షతో పాటు నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్, అంటే చుక్కలు గీతల సంకేతభాష, కూడా రావాలి. ఇంట్లో ఉండి మొదలుపెట్టేవాళ్లకి రెస్ట్రిక్టెడ్ ధారాళంగా సరిపోతుంది. ప్రశ్నలు రెండు భాగాలు. ఒకటి ఎలక్ట్రానిక్స్, రేడియో. ఓమ్ సూత్రం, రెజొనెన్స్, డయోడు, ట్రాన్సిస్టరు, సూపర్ హెటరొడైన్ రిసీవర్, మాడ్యులేషన్, యాంటెన్నాలు. రెండోది నిబంధనలు, క్యూ కోడ్‌లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల పొట్టి సంకేతాలు). పదో తరగతి భౌతికశాస్త్రం ఒంటబట్టిన వాళ్లకి మొదటి భాగం కష్టం కాదు. తీగ కట్టి, రొద వెతికి చూసినవాళ్లకి అందులో సగం చేతికి తెలిసిన విషయమే. 1983 నుంచి హైదరాబాదులో ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ, అంటే నియార్, కొత్తవాళ్లకి చదువుకోవడానికి తోడ్పడుతుంది. లైసెన్సు మీ ఇంటి చిరునామాతో వస్తుంది కాబట్టి దరఖాస్తులో చిరునామా జాగ్రత్తగా నింపండి.

లైసెన్సు చేతికి రాకముందు ప్రసారం చేసే సెట్టు కొనకండి. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే వాకీటాకీల జోలికి అసలు పోకండి. కొనేసి తర్వాత చూద్దాంలే అనుకునే విషయం కాదిది, చట్టంతో పని.

సెట్టు, మొదటి పిలుపు

మన తెలుగు నేల మీద పుట్టిన సెట్టు ఒకటుంది. హైదరాబాదుకి చెందిన అషర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ, సామాన్యులు చేతనైన ఖర్చులో సొంతంగా చేసుకునేలా బిట్‌ఎక్స్ అనే ట్రాన్సీవర్‌ని రూపొందించాడు. బజార్లో దొరికే మామూలు విడిభాగాలతోనే చేసుకునేలా ఆలోచించిన డిజైను అది, కాయిల్ చుట్టడానికి కుళాయి వాషరు కూడా వాడారు. ప్రపంచమంతా హామ్‌లు దాన్ని కట్టుకున్నారు. తర్వాత వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్ పది వాట్ల దాకా ఇస్తుంది. సోల్డరింగ్ చేతనైతే మొదటి సెట్టుగా దాన్నే సిఫారసు చేస్తాను. పది వాట్లు చాలవేమో అనిపిస్తుంది గానీ, తీగ బాగుంటే పొద్దున్నే 40 మీటర్ల మీద హైదరాబాదుని పలకరించడానికి అవి ఎక్కువే.

మాట్లాడేముందు ఆ ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో రెండు నిమిషాలు వినండి. ఎవరైనా వాడుతున్నారా అని ఒకసారి అడగండి. జవాబు లేకపోతే, "సీక్యూ సీక్యూ సీక్యూ, దిస్ ఈజ్ విక్టర్ యూనిఫాం త్రీ" అని మీ మిగతా అక్షరాలు రెండు మూడుసార్లు నింపాదిగా చెప్పి, ఆగి వినండి. సీక్యూ అంటే వింటున్నవాళ్లెవరైనా జవాబివ్వండి అనే పిలుపు. జవాబొస్తే పేరు, ఊరు, ఎంత బాగా వినిపిస్తోందో చెప్పండి. ఐదు తొమ్మిది అంటే స్పష్టంగా, గట్టిగా వినిపిస్తున్నట్టు. ఎదుటివాళ్లు తెలుగువాళ్లయితే ఆ తర్వాత "నమస్కారం అన్నా, ఏ ఊరు మీది?" అని హాయిగా తెలుగులోకి దిగొచ్చు. ముగించేటప్పుడు 73, అంటే శుభాకాంక్షలు. మొదట్లోనూ చివర్లోనూ మీ కాల్‌సైన్ తప్పకుండా చెప్పాలి. పాటలు వినిపించకూడదు, గోవింద నామాలైనా సరే. వ్యాపారం మాటలు, రహస్య సంకేతాలు కూడా పనికిరావు. ప్రసారం చేస్తున్నప్పుడు తీగ కొసల్లో వోల్టేజీ ఎక్కువ ఉంటుంది కాబట్టి పిల్లల చేతికి అందేచోట కొసలు వేలాడకూడదు.

మీరున్న చోటుని హామ్‌లు గ్రిడ్ పేరుతో, అంటే ప్రపంచ పటాన్ని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి పెట్టిన పేరుతో అడుగుతారు. తిరుపతి, చిత్తూరు, పలమనేరు ఎంకే93లో ఉన్నాయి. కుప్పం ఎంకే92. నోటుపుస్తకం మొదటి పేజీలో పెద్దగా రాసిపెట్టుకోండి.

మాట్లాడటానికి మొహమాటమైతే

ఇంట్లో పసిపిల్ల నిద్రపోతుంటే గొంతెత్తి సీక్యూ పిలవలేం. అలాంటి వాళ్లకి రెండు దార్లు. ఎఫ్‌టీ8 అనేది కంప్యూటర్ ద్వారా జరిగే చిన్న చిన్న సందేశాల పద్ధతి. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ తయారుచేశారు. జో టేలర్ భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ గ్రహీత. 15 సెకన్లు పంపడం, 15 సెకన్లు వినడం. చెవికి అందనంత బలహీనమైన సంకేతాన్ని కూడా ఇది చదివేస్తుంది. 14.074, 7.074 మెగాహెర్ట్జ్‌ల దగ్గర ఎప్పుడూ సందడే. కంప్యూటర్ గడియారం సెకను తేడా లేకుండా ఉండాలి, అదొక్కటే పట్టింపు.

నాకు ఇష్టమైన దారి మోర్స్. చుక్కలు గీతలు కాగితం మీద చూసి బట్టీ పడితే ఎప్పటికీ వేగం రాదు. శబ్దంగానే నేర్చుకోండి, చుక్కని డిట్ అని, గీతని డా అని. సీక్యూ అంటే డా-డిట్-డా-డిట్, డా-డా-డిట్-డా. 73 అంటే డా-డా-డిట్-డిట్-డిట్, డిట్-డిట్-డిట్-డా-డా. రెండోది నోటితో గట్టిగా అని చూడండి, దానిలో ఒక తాళం ఉంది. కోచ్ పద్ధతిలో రెండే అక్షరాలతో, కానీ మొదటి రోజు నుంచే పూర్తి వేగంతో మొదలుపెట్టి, అవి చెవికి పట్టాక ఒక్కొక్కటి కలుపుతారు. రోజుకి పావుగంట చాలు, కానీ మానకూడదు. పసిపిల్ల నిద్రపోతున్న గదిలో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, వేలితో నొక్కుతూ జపాన్‌తో మాట్లాడొచ్చు.

బ్యాటరీ, లాగ్‌బుక్

సెట్టుని ఒక 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా నడిచేలా సిద్ధం చేసుకోండి. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు చెరువులైన సంగతి మనకు గుర్తే. అలాంటి వేళ ముందు పోయేది కరెంటు, దాని వెనకే ఫోన్ సిగ్నలు. 2004 డిసెంబరు సునామీ వచ్చినప్పుడు నియార్ బృందం హామ్ స్టేషన్‌తో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. భారతి ప్రసాద్ వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో అక్కణ్ణుంచి వార్తలు చేరవేశారు. అప్పటికి వాళ్లు వెళ్లింది సరదాగా దూరదేశాలతో మాట్లాడటానికే. ఆరు నెలలకోసారి బ్యాటరీ మీదే ఒక పూటంతా సెట్టు నడిపి చూడండి. చార్జింగ్ ఎంతసేపు నిలుస్తుందో అప్పుడే తెలుస్తుంది.

మాట్లాడిన ప్రతి సంభాషణా లాగ్‌బుక్‌లోకి ఎక్కాలి. తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, మోడ్, కాల్‌సైన్, ఇచ్చిన రిపోర్టు, వచ్చిన రిపోర్టు. సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో రాయండి, మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసేస్తే సరి. పొద్దున ఐదున్నరకి ముందు మాట్లాడితే తేదీ కూడా ముందు రోజుదే పడుతుంది, చూసుకోండి. సంభాషణకి గుర్తుగా హామ్‌లు క్యూఎస్ఎల్ కార్డులు పంపుకుంటారు. మీ కార్డు మీద కాల్‌సైన్, గ్రిడ్, ఊరు తప్పనిసరి. బొమ్మ మీ ఇష్టం. చంద్రగిరి కోట వేసుకున్నా, తలకోన జలపాతం వేసుకున్నా, అందుకున్నవాళ్లు అది ఎక్కడుందని తప్పక అడుగుతారు. కార్డులు పోస్టులో వెళ్లేలోపు ఈక్యూఎస్ఎల్‌లోనూ, లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్‌లోనూ కూడా, ఈ రెండూ ఆన్‌లైన్ సేవలే, మీ లాగ్ ఎక్కించండి. చాలా దేశాలవాళ్లు ఇప్పుడు ముందు అక్కడే వెతుకుతారు.